ఎక్కువగా అమ్ముడుపోయే క్రైస్తవ పుస్తకాల్లో బోధ ఎంతవరకు సరైనది?

నిరీక్షణ

అందరికీ వందనాలు. మా సంఘంలో స్త్రీల పఠన బృందం బాధ్యత నాది. తర్వాత ఏ పుస్తకం చదువుదామన్నా అందరి నోటా అవే పేర్లు వస్తున్నాయి: 'ది పర్పస్ డ్రివెన్ లైఫ్', 'జీసస్ కాలింగ్', 'ది షాక్', యబ్బేజు ప్రార్థన మీద వచ్చిన చిన్న పుస్తకం, ప్రభువు రాకడ గురించిన 'లెఫ్ట్ బిహైండ్' నవలలు. లక్షలమంది చదివి మేలు పొందిన పుస్తకాలకు వంక పెట్టడానికి మనమెవరం అని కొందరు అంటున్నారు. వీటిలో ఒక్కటి కూడా బల్ల మీద పెట్టవద్దని ఇంకొందరు పట్టుబడుతున్నారు.

నా ప్రశ్నలు రెండు. వీటిలోని దైవశాస్త్రం నమ్మదగినదేనా? మాలో ఎవరూ బైబిలు కళాశాలకు వెళ్లినవారు కాదు. అలాంటి మామూలు పాఠకులు మంచిచెడ్డలు ఎలా తేల్చుకోవాలి?

బెరయ పాఠకుడు

నిరీక్షణ గారూ, రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే మొదటిది సగం తేలిపోతుంది. బెరయ పట్టణంవారు పౌలు చెప్పిన సంగతులను కూడా ప్రతిదినమూ లేఖనాలతో సరిచూసుకున్నారు. అందుకు లూకా వారిని మెచ్చుకున్నాడే గాని తప్పుపట్టలేదు (అపొ. కార్య. 17:11). అపొస్తలుడికే తప్పని పరీక్ష నుంచి, అమ్మకాల్లో ముందున్నాడని ఒక రచయితకు మినహాయింపు ఎక్కడిది?

నేను పాటించే పద్ధతి ఒకటే. పుస్తకంలో ఒక వచనం కనబడితే బైబిలు తెరిచి ఆ అధ్యాయమంతా చదువుతాను, వీలైతే దాని ముందు అధ్యాయం కూడా. యిర్మీయా 29:11 తీసుకోండి. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్న మాట భక్తి పుస్తకాల్లో ఎంత తరచుగా కనబడుతుందో మీకు తెలుసు. ఉద్యోగానికీ అదే, పెళ్లికీ అదే, పరీక్షకూ అదే. అసలు అది బబులోనుకు చెరగా కొనిపోబడినవారికి యెరూషలేము నుంచి యిర్మీయా రాసి పంపిన ఉత్తరం. దాని పై వచనంలోనే 70 సంవత్సరాలు అని ఉంది. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది స్వదేశం మళ్లీ చూడకుండానే కన్నుమూయాలి. అందుకే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అని 5 నుంచి 7 వచనాల్లో రాశాడు.

ఇక 28వ అధ్యాయం చూడండి. హనన్యా ప్రవక్త యెహోవా మందిరంలో, యాజకులూ ప్రజలందరూ చూస్తుండగా, రెండేళ్లలో అన్నీ తిరిగి వచ్చేస్తాయన్నాడు. మందిరపు పాత్రలు వస్తాయి, రాజు వస్తాడు, చెరపోయినవారందరూ వస్తారు! యిర్మీయా మెడ మీద ఉన్న కాడిని తీసి విరిచేశాడు కూడా. ఆ రోజు ఎవరి మాట జనానికి రుచించి ఉంటుందో వేరే చెప్పాలా? 29వ అధ్యాయంలోని ఉత్తరం కూడా అలాంటి ప్రవక్తల మాటలకు మోసపోవద్దని హెచ్చరిస్తుంది (8, 9 వచనాలు). అలాంటి ఉత్తరంలోని వచనాన్ని తెచ్చి, ఈ ఏడాదే నీ తలుపు తెరుచుకుంటుందని చెప్పే పేజీలో పెడితే యిర్మీయా నోట హనన్యా మాట పలికించినట్టే. నాకు కోపం వచ్చేది ఇక్కడే. దేవుడు చేయని వాగ్దానాన్ని దేవుడి సంతకంతో పంచిపెడుతున్నారు.

సాక్ష్యం

బెరయ పాఠకుడు గారూ, మీరు యిర్మీయా గురించి చెప్పింది ఒప్పుకుంటాను. అయితే అన్ని పుస్తకాలనూ ఒకే గాటన కట్టేస్తున్నారనిపిస్తోంది.

నేను బైబిలు శ్రద్ధగా తెరిచిందే 'ది పర్పస్ డ్రివెన్ లైఫ్' చదివాక. రిక్ వారెన్ 2002లో రాసిన ఆ పుస్తకం 40 రోజుల పఠనంగా ఉంటుంది. నీ జీవితానికి కేంద్రం నువ్వు కాదు, దేవుడు అన్న మాటతోనే మొదలవుతుంది. ఆరాధన, సహవాసం, శిష్యత్వం, పరిచర్య, సువార్త సేవ అని దేవుని ఉద్దేశాలను ఐదుగా చెప్తాడు. ఇందులో ఏది లేఖన విరుద్ధం? 'జీసస్ కాలింగ్' రాసిన శారా యంగ్ మిషనరీగా పనిచేసిన మనిషి. ఏళ్ల తరబడి అనారోగ్యంతో ఉంటూ రాసింది. సిరిసంపదలు వస్తాయని ఆమె ఎవరికీ ఆశపెట్టలేదు. క్రీస్తు సన్నిధిలో నిలిచి ఉండమని చెప్పింది, అంతే. దానివల్ల భయం తగ్గి, రాత్రిళ్లు ప్రార్థన చేసుకుని నిద్రపోగలిగినవాళ్లను నేనెరుగుదును. తప్పులు వెతికే కళ్లతోనే చదివితే ఏ పుస్తకం నిలుస్తుంది?

బెరయ పాఠకుడు

సాక్ష్యం గారూ, ఒకే గాటన కట్టకూడదన్న మాట న్యాయమైనది. కాబట్టి విడివిడిగానే చెప్తాను.

వారెన్ పుస్తకంలో ఐదు ఉద్దేశాలతో నాకు పేచీ లేదు. విశ్వసించమని పాఠకుణ్ని పిలిచే చోట, ఒక చిన్న వాక్యపు ప్రార్థనతో పని ముగించేశాడు. అక్కడ పాపం గురించీ మారుమనస్సు గురించీ ఆగి చెప్పవలసినంత చెప్పలేదు. మిగతా పుస్తకమంతా ఎలా జీవించాలో నేర్పుతుంది కాబట్టి, పునాది దగ్గర ఆ తొందర నాకు పెద్ద లోటుగానే కనిపిస్తుంది. నడిపించే మనిషి ఆ లోటు పూరిస్తే బృందంగా చదవవచ్చు.

2004లో వచ్చిన 'జీసస్ కాలింగ్' సంగతి వేరు. అందులో ప్రతి పేజీలోనూ 'నేను' అంటూ మాట్లాడేది యేసు. పాఠకుడు ఒక వాక్యం కింద గీత గీసుకున్నప్పుడు, అది ప్రభువు మాటా, రచయిత్రి ధ్యానమా? చెప్పిన విషయంలో తప్పు లేకపోయినా ఆ గొంతు ఎవరిదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. ఇంతకుముందు 1930ల్లో వచ్చిన 'గాడ్ కాలింగ్' అనే పుస్తకం తనకు ప్రేరణ అని రచయిత్రి మొదటి ముద్రణల ముందుమాటలో రాసింది. తర్వాతి ముద్రణల్లో ఆ ప్రస్తావన తీసేశారు. పాఠకుడికి చెప్పవలసిన సంగతి అది. దేవుడు ఈ దినముల అంతమందు కుమారుని ద్వారా మాట్లాడాడని హెబ్రీ పత్రిక మొదటి అధ్యాయం చెప్తోంది. ఆ మాట సరిపోదన్నట్టు రోజుకొక కొత్త పలుకు కోసం ఎదురుచూసే అలవాటు నన్ను కలవరపెడుతోంది.

సాక్ష్యం

ఆ పేజీలను ఎవరూ లేఖనంగా చదవరండీ. ప్రతి పేజీ కింద వచనాల సూచనలు ఇచ్చింది కదా. కీర్తనల్లో కూడా దేవుడు 'నేను' అంటూ మాట్లాడే చోట్లు ఉన్నాయి.

బెరయ పాఠకుడు

కీర్తనలు లేఖనం. తేడా అక్కడే ఉంది. ఎవరూ అలా చదవరన్న మీ మాట నిజమైతే నాకంటే సంతోషించేవారు ఉండరు. పొద్దున్నే ఆ పేజీ చదివి, కింద ఉన్న వచనాలు తెరవకుండానే రోజు ముగించేవారు మీకు తెలియరా?

పాత పుస్తకాలు

ఇద్దరూ కాసేపు ఆగండి. జనాదరణ ఉన్నదంటే బోధ పల్చబడిందనే లెక్క నాకు నచ్చదు. 'యాత్రికుని ప్రయాణము' 1678లో వచ్చింది. జాన్ బనియన్ గిన్నెలు బాగుచేసే పనివాడు, కళాశాల గడప తొక్కలేదు, ప్రకటించవద్దన్నా ప్రకటించినందుకు 12 ఏళ్లు చెరసాలలో ఉన్నాడు. ఆయన పుస్తకం వచ్చిన కొత్తలోనే విరగబడి కొన్నారు. అందులో పాపభారం సిలువ దగ్గర జారిపోయే ఘట్టం చదవండి. నీతిమంతుడిగా తీర్చబడటమంటే ఏమిటో చదువురానివాడికి కూడా అర్థమయ్యేలా చెప్పాడు, ఎక్కడా చౌకబార్చలేదు.

సి. ఎస్. లూయిస్‌ను చూడండి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బీబీసీ రేడియోలో చేసిన ప్రసంగాలే 1952లో 'మియర్ క్రిస్టియానిటీ'గా వచ్చాయి. ఆయన సాహిత్యం బోధించే అధ్యాపకుడు, వేదాంత పండితుణ్నని చెప్పుకోలేదు. క్రైస్తవులు ఏమి నమ్ముతారో చెప్పే భాగం రాశాక దాన్ని నలుగురు సేవకులకు పంపి తప్పులు చూపించమన్నాడు. ఒకరు ఆంగ్లికన్, ఒకరు మెథడిస్టు, ఒకరు ప్రెస్బిటేరియన్, ఒకరు రోమన్ కాథలిక్. అంత పేరున్న రచయిత అలా తలవంచి అడిగాడు. ఇప్పటి పుస్తకాలను అలా ఎవరు చూస్తున్నారు? అమ్మకాల విభాగం చూస్తుంది, ముఖచిత్రం వేసేవారు చూస్తారు. బోధ తెలిసిన సంఘ పెద్ద ఎవరైనా ముద్రణకు ముందు చదివారా? నిరీక్షణ గారూ, ఏ పుస్తకం చేతికి వచ్చినా ముందుమాటలోనూ కృతజ్ఞతల పేజీలోనూ ఈ సంగతి వెతకండి. చాలా తెలుస్తుంది.

ఇంకొక మాట లూయిస్‌దే. ఒక కొత్త పుస్తకం చదివాక మధ్యలో ఒక పాతది చదవకుండా ఇంకో కొత్తదానికి వెళ్లవద్దన్నాడు. అంత చేయలేకపోతే కనీసం మూడు కొత్తవాటికి ఒక పాతది చదవమన్నాడు. నాలుగో శతాబ్దపు సంఘ నాయకుడు అతనాసియు రచన అనువాదానికి రాసిన ముందుమాటలో ఉంది ఈ సలహా. మన కాలపు పొరపాట్లు మనకు కనబడవు, వేరే కాలంవాళ్లు వాటిని చూడగలరు అన్నది ఆయన వాదన.

కొత్త విశ్వాసి

నేను చదివినవి తక్కువ. చనిపోయి పరలోకం చూసి తిరిగి వచ్చామని రాసిన పుస్తకాలు ఉన్నాయి కదా, వాటి సంగతి ఏమిటి? అవి చదివాకే నాకు పరలోకం మీద నమ్మకం గట్టిపడింది.

బెరయ పాఠకుడు

తమ్ముడూ, పరలోకం మీద నీ నమ్మకం మంచిదే. అది దేని మీద నిలబడిందో చూసుకో. ప్రమాదంలో గాయపడిన ఒక బాలుడు పరలోకానికి వెళ్లి వచ్చాడంటూ 2010లో ఒక పుస్తకం వచ్చింది, విపరీతంగా అమ్ముడుపోయింది. 2015లో ఆ బాలుడే తాను చనిపోలేదని, పరలోకం చూడలేదని, జనం చదవవలసింది బైబిలునని బహిరంగంగా ప్రకటించాడు. ప్రచురణకర్తలు పుస్తకాన్ని వెనక్కి తీసుకున్నారు. దాని మీద నమ్మకం కట్టుకున్నవారి పరిస్థితి ఆలోచించు.

లాజరు నాలుగు దినాలు సమాధిలో ఉండి లేచాడు. అక్కడ ఏమి చూశాడో యోహాను ఒక్క మాట రాయలేదు. పరదైసులోకి కొనిపోబడిన పౌలు, అక్కడ విన్నవి మనుష్యుడు పలకకూడని మాటలన్నాడు (2 కొరింథీ 12:4). యేసు చెప్పిన కథలో ధనవంతుడు తన సహోదరుల దగ్గరికి చనిపోయినవారిలో ఒకరిని పంపమని బతిమాలితే, మోషే మాటా ప్రవక్తల మాటా విననివారు మృతుల్లోంచి ఒకడు లేచినా నమ్మరని అబ్రాహాము చెప్పాడు (లూకా 16:31). నీ నిరీక్షణకు ఆధారం క్రీస్తు పునరుత్థానం. 1 కొరింథీ 15 మొత్తం ఒకసారి కూర్చుని చదువు.

ఆసుపత్రి కాపరి

ఇంతవరకు చదువుతూ ఉన్నాను. నాకు ఈ చర్చ పుస్తకాల అరకు సంబంధించినది కాదు. నేను రోగుల దగ్గర ప్రార్థన చేసే సేవలో ఉన్నాను.

ఒక తల్లి తలగడ పక్కన స్వస్థత గురించిన పుస్తకం ఒకటి ఉండేది. పేరు చెప్పను. "ఆయన పొందిన గాయములచేత మీరు స్వస్థత నొందితిరి" అన్న వచనం దగ్గర ఎర్ర సిరాతో గీత, పక్కన తేదీలు. స్వస్థత పొందానని నమ్మకంతో నోట ఒప్పుకున్న ప్రతి రోజూ ఆమె తేదీ వేసుకునేది. వ్యాధి ముదిరింది. నా చెయ్యి పట్టుకుని, "అయ్యగారూ, నా విశ్వాసంలో ఎక్కడ లోపం ఉందో చెప్పండి, సరిచేసుకుంటాను" అని అడిగింది. శరీరంలో నొప్పి చాలదన్నట్టు ఆ పుస్తకం ఆమె మీద నేరం కూడా మోపింది. రచయిత ఆ గదిలో లేడు. జవాబు నేను చెప్పవలసి వచ్చింది.

నేను ఆమెకు పౌలు పత్రికలు చదివి వినిపించాను. త్రోఫిము రోగియై ఉన్నందున అతన్ని మిలేతులో విడిచివచ్చానని పౌలు రాశాడు (2 తిమోతి 4:20). విశ్వాసం చాలక అని రాయలేదు. తిమోతికి తరచుగా వచ్చే బలహీనతల గురించి తెలిసి, కడుపు కోసం కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమన్నాడు. తన తోటిపనివాడు ఎపఫ్రొదితు చావుకు దగ్గరైతే దేవుడు కనికరించాడన్నాడు, అతని ఒప్పుకోలు ఫలించిందని అనలేదు. తన శరీరంలోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకున్న పౌలుకే "నా కృప నీకు చాలును" అన్నది జవాబు. ఇవి వినేవరకు ఆమెకు ఈ మనుషులెవరూ తెలియరు. తన పుస్తకంలో వాళ్లు లేరు. సుఖాంతం లేకుండానే ముగిసే 88వ కీర్తన కూడా అందులో లేదు.

సిద్ధాంతం పండితుల వ్యవహారమని, మనకు ప్రోత్సాహం చాలని అనేవారిని నేను అడిగేది ఇదే. ఆ తల్లికి తప్పుడు సిద్ధాంతం ఎంత బరువైందో చూశారా?

సాక్ష్యం

కాపరి గారూ, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. అలాంటి పుస్తకాలను నేను సమర్థించడం లేదు. దేవుడు స్వస్థపరచగలడని నమ్మి అడగడం వేరు, రోగిని దోషిగా నిలబెట్టడం వేరు.

వేదాంత విద్యార్థి

ఈ బోధకు ఒక చరిత్ర ఉంది. నోటితో పలికితే జరిగి తీరుతుందన్న బోధ ఇ. డబ్ల్యు. కెన్యన్ (1867–1948) రచనల్లో కనిపిస్తుంది. కెన్నెత్ హేగిన్ (1917–2003) దాన్ని విస్తృతంగా వ్యాపింపజేశాడు. వారు ఎక్కువగా ఎత్తిచూపే 3 యోహాను 2వ వచనం, వర్ధిల్లుచు సౌఖ్యంగా ఉండాలని గాయుకు రాసిన ఉత్తరంలోని పలకరింపు. దాన్ని ప్రతి విశ్వాసికీ ఒప్పందపత్రంగా మార్చారు. యబ్బేజు ప్రార్థనకూ కొంతవరకు ఇదే జరిగింది. 1 దినవృత్తాంతములు 4లో వంశావళుల మధ్య రెండు వచనాల్లో ఉన్న ప్రార్థన అది, తన సరిహద్దు విశాలపరచమని యబ్బేజు అడిగినది. దేవుడు అతని మనవి ఆలకించాడు, అది సంతోషం. రోజూ అవే మాటలు పలకమని మాత్రం ఆ భాగం ఎవరికీ ఆజ్ఞాపించలేదు. శిష్యులు నేర్పమన్నప్పుడు ప్రభువు నేర్పిన ప్రార్థన వేరే ఉంది. అందులో సరిహద్దు విశాలపరచమనే మనవి లేదు, అనుదినాహారం ఉంది, ఋణస్థులను క్షమించడం ఉంది.

'ది షాక్' గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెప్తాను. అది 2007లో వచ్చిన నవల, విలియం పాల్ యంగ్ మొదట తన పిల్లల కోసం రాసుకున్నది. కూతుర్ని పోగొట్టుకున్న తండ్రి దుఃఖాన్ని ఆయన పట్టుకున్న తీరు నిజంగా కదిలిస్తుంది. తండ్రి అయిన దేవుణ్ని స్త్రీగా చూపించాడని చాలామంది గొడవ చేశారు. నాకు అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. అందులో తండ్రి మణికట్ల మీద కూడా సిలువ గాయాల మచ్చలు ఉంటాయి. సిలువ మీద శ్రమపడినది కుమారుడు. తండ్రే శ్రమపడ్డాడన్న బోధను మూడో శతాబ్దం మొదట్లోనే సంఘ రచయిత తెర్తుల్లియను ఖండించాడు, సంఘం దాన్ని తోసిపుచ్చింది. పైగా అదే రచయిత 2017లో రాసిన మరో పుస్తకంలో అందరూ రక్షించబడినవారేనన్న అభిప్రాయాన్ని దాచకుండా చెప్పాడు. నవల చదివినప్పుడు కలిగిన అనుమానం అక్కడ తీరింది.

మరనాత

'లెఫ్ట్ బిహైండ్' మీద కూడా విరుచుకుపడతారని తెలుసు, అందుకే ముందే వచ్చాను. సంఘం ఎత్తబడుతుందని, శ్రమల కాలం వస్తుందని నేను నమ్ముతాను. 1 థెస్సలొనీక 4:17 స్పష్టంగానే ఉంది. ఆ నవలలు కల్పితాలని రచయితలకూ తెలుసు, పాఠకులకూ తెలుసు. ప్రభువు రాకడ గురించి అసలు ఆలోచించనివారిని అవి ఆలోచింపజేశాయి.

పాత పుస్తకాలు

మరనాత గారూ, విరుచుకుపడను. రాకడ మన అందరి నిరీక్షణ. ఆ నవలలు 1995 నుంచి 16 సంపుటాలుగా వచ్చాయి. వాటి వెనకున్న కాలక్రమం, అంటే ముందు సంఘం ఎత్తబడటం, తర్వాత శ్రమల కాలం అన్నది, 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ బోధనతో వ్యాపించింది, 1909 నాటి స్కోఫీల్డ్ బైబిలు పాదసూచికలతో ఇంటింటికీ చేరింది. పాదసూచికలో ఉన్నది కూడా వచనమే అనుకునేంతగా అది పాతుకుపోయింది. కథలో చదివిన దృశ్యాలు బైబిలులో చదివినట్టు గుర్తుండిపోవడమే నవలలతో వచ్చే చిక్కు.

మరనాత

ఒక బోధ ఎప్పుడు వ్యాపించిందన్నది అది తప్పో ఒప్పో తేల్చదు. లేఖనమే తేల్చాలి. మీరే కదా బెరయవారిని మెచ్చుకున్నారు?

పాత పుస్తకాలు

మెచ్చుకున్నది బెరయ పాఠకుడు గారు, నేను కాదు, అయినా మీ మాట సరైనదే. లేఖనంతోనే చూద్దాం. ఆ భాగం పౌలు ఎందుకు రాశాడో 13వ వచనంలో ఉంది, నిద్రించినవారిని గూర్చి దుఃఖపడకుండా. 18వ వచనంలో ఈ మాటలచేత ఒకనినొకడు ఆదరించుకోమన్నాడు. తమవారిని పాతిపెట్టినవారికి రాసిన ఓదార్పు అది. విడవబడిపోతానేమోనన్న భయం ప్రధానంగా పెట్టి చెప్పినప్పుడు ఆ ఓదార్పు ఎక్కడికి పోయింది? సంవత్సరాలు లెక్కగట్టి చెప్పినవారి సంగతి ఇక వేరే. 1988లో రాకడ ఉంటుందని 88 కారణాలు చూపిన పుస్తకం లక్షల చేతుల్లోకి వెళ్లింది. ఆ ఏడాది గడిచిపోయింది. ఆ దినమూ ఆ గడియా ఎవరికీ తెలియదని ప్రభువు అంత తేటగా చెప్పాక కూడా!

మరనాత

తేదీలు చెప్పడాన్ని నేనూ ఖండిస్తాను. 13, 18 వచనాల సంగతి ఒప్పుకుంటాను. కాలక్రమం మీద మాత్రం మన మధ్య అభిప్రాయభేదం అలాగే ఉంది.

నిర్వాహకుడు

రాకడ కాలక్రమం మీద చర్చ ఇక్కడితో ఆపి, కావాలంటే వేరే చర్చగా మొదలుపెట్టండి. నిరీక్షణ గారి ప్రశ్నకు తిరిగి రండి.

నిరీక్షణ

అందరికీ కృతజ్ఞతలు. కాపరి గారి మాటలు బృందంలో చదివి వినిపించవచ్చా? మేము మొదట యిర్మీయా 28, 29 అధ్యాయాలు చదివి, ఆ తర్వాత 'ది పర్పస్ డ్రివెన్ లైఫ్' మొదలుపెడదామనుకుంటున్నాం. మారుమనస్సు గురించిన లోటు నేను లూకా 15తో పూరిస్తాను. దాని తర్వాత 'యాత్రికుని ప్రయాణము'. 'జీసస్ కాలింగ్' ఇంట్లో చదువుకునేవారిని ఆపను, బృందంలో మాత్రం పెట్టను. సాక్ష్యం గారు నొచ్చుకోకండి.

ఒక చిక్కు మిగిలింది. మాలో ముగ్గురు ఇప్పటికే 'ది షాక్' చదివేశారు. అందులో ఒకామె బిడ్డను పోగొట్టుకున్న తల్లి. ఆ పుస్తకమే తనను బతికించిందని చెప్తుంది. ఆమెతో ఏమని మాట్లాడాలి?

ఆసుపత్రి కాపరి

తప్పకుండా వినిపించండి.

ఆమెతో ముందు మచ్చల గురించి మాట్లాడకండి. ఏ పేజీ దగ్గర ఏడ్చిందో అడగండి, చెప్పనివ్వండి. దేవుడు తన దుఃఖంలో దూరంగా నిలబడలేదన్న మాట దగ్గరేనని నా నమ్మకం. ఆ మాట నిజం, నవలకు ముందే యోహాను 11:35లో ఉంది. ఆ అధ్యాయం ఇద్దరూ కలిసి చదవండి. యేసు మార్తతో ఏమన్నాడో, మరియతో కలిసి ఎలా ఏడ్చాడో, తర్వాత సమాధి ముందు ఏమి చేశాడో ఆమెనే బయటికి చదవమనండి. మిగతా దిద్దుబాట్లకు తర్వాత సమయం ఉంటుంది.

వేదాంత విద్యార్థి

కాపరి గారితో ఏకీభవిస్తాను. త్రిత్వం గురించి ఆమె తనంతట తాను అడిగిన రోజున మత్తయి 3:16, 17 తెరవండి. కుమారుడు నీళ్లలోంచి ఒడ్డుకు వచ్చాడు, ఆత్మ దిగివస్తున్నాడు, తండ్రి స్వరం ఆకాశం నుంచి వినిపిస్తోంది. ముగ్గురూ అక్కడ ఉన్నారు, ఒకరి స్థానంలో ఒకరు లేరు. అక్కడి నుంచి సిలువ ఘట్టానికి వెళ్తే, ఎవరు శ్రమపడ్డారో, ఎవరు పంపారో ఆమె తానే చూడగలదు.